ఏళ్ల తరబడి మింగే నొప్పి మాత్రలు: ఒక్కసారిగా ఆపరాదు, ఊరకే కొనసాగించరాదు

ప్రతి సంవత్సరం ఉగాదికి ముందు కన్నడ సీమ నుండి శ్రీశైల మల్లన్న దర్శనానికి బయలుదేరిన పాదయాత్రికులు మా ఆత్మకూరు మీదుగా వెళతారు. ఇక్కడి నుండి వెంకటాపురం, నాగలూటి, పెచ్చెరువు మీదుగా నల్లమల అడవి దారి. ఊరు చేరేసరికి చాలామందికి అరికాళ్లు బొబ్బలెక్కి, పిక్కలు పట్టేసి ఉంటాయి. నా వైద్యశాల అరుగు మీద కూర్చోబెట్టి, గోరువెచ్చని ఉప్పునీటిలో కాళ్లు పెట్టించి, నువ్వుల నూనె రాయించి పంపడం నాకు అలవాటు. వారిది నాలుగు రోజుల నొప్పి. దర్శనం ముగించుకుని ఇల్లు చేరేసరికి దాని ఊసే ఉండదు.

అదే అరుగు మీద తక్కిన కాలమంతా కూర్చునేవారి నొప్పి వేరు. మిరప చేలలో, పత్తి చేలలో ముప్పై నలభై ఏళ్లు వంగి పనిచేసిన నడుములు, అరిగిన మోకాళ్లు, ఎప్పుడో పడి సరిగా అతకని తుంటి ఎముకలు. మూడు నెలలకు మించి నిలిచిన నొప్పిని దీర్ఘకాలిక నొప్పి అంటారు. గాయం నొప్పి శరీరం వేసే కేక వంటిది. గాయం మానితే కేక ఆగుతుంది. దీర్ఘకాలిక నొప్పిలో గాయం మానినా, లేదా మారకుండా ఉన్నా, నరాలు ఆ కేకకు అలవాటుపడి చిన్న తాకిడికి కూడా పెద్దగా స్పందిస్తాయి. కనుక నాలుగు రోజుల నొప్పికి పనికివచ్చిన మందు నాలుగేళ్ల నొప్పికి కూడా పనికివస్తుందని అనుకోవడం పొరపాటు. ఆ పొరపాటు వలన కలిగే బాధను, దానిని సరిదిద్దబోయి నేను స్వయంగా చేసిన మరొక పొరపాటును ఈ వ్యాసంలో వివరిస్తాను.

నేను చేసిన తప్పు

2018 సంవత్సరం వర్షాకాలంలో వెలుగోడు వైపు పల్లె నుండి అరవై ఐదేళ్ల వృద్ధురాలు కొడుకుతో కలిసి వచ్చింది. రెండు మోకాళ్లు సంధివాతంతో వంకర తిరిగి ఉన్నాయి. నాలుగేళ్ల క్రితం ఎవరో వారం రోజులకని రాసిచ్చిన మాత్రను ఆమె ఆ చీటీ మీదనే మందుల దుకాణంలో కొనుక్కుంటూ వచ్చింది. అది ట్రమడాల్, పారాసెటమాల్ కలిసిన మాత్ర. మొదట రోజుకు రెండు. నా వద్దకు వచ్చేనాటికి ఆరు. అయినా నొప్పి తగ్గలేదు. "ఆ బిళ్లలు లేకుంటే పానం నిలవదు నాయనా" అని ఆమె చెప్పిన మాటకు నేను తగినంత విలువ ఇవ్వలేదు.

అప్పటికి కొన్ని నెలల ముందే, 2018 ఏప్రిల్‌లో, కేంద్ర ప్రభుత్వం ట్రమడాల్‌ను మాదకద్రవ్యాల నియంత్రణ చట్టం పరిధిలోకి తెచ్చింది. దుకాణదారులు జాగ్రత్తపడి పాత చీటీ మీద ఇవ్వడం మానుకున్నారు. మందు దొరకక ఆమె నా వద్దకు వచ్చింది. నేను లోలోపల సంతోషించాను. ఇదే అదనుగా ఆ మాత్రలన్నీ మానిపించి రాస్నా కషాయం, మహానారాయణ తైలం ఇచ్చి పంపాను.

మూడవనాడు తెల్లవారకముందే కొడుకు మోటారు సైకిల్ మీద వచ్చి తలుపు తట్టాడు. నేను వెళ్లి చూసేసరికి ఆమెకు ఆగకుండా ఆవులింతలు, కళ్ల వెంట ముక్కు వెంట నీరు, ఒళ్లంతా గగుర్పాటు, కడుపులో మెలిపెట్టే నొప్పి, విరేచనాలు. రెండు రాత్రులుగా కంటిమీద కునుకు లేదు. కాళ్లను ఒకచోట ఉంచలేక మంచం మీద కొట్టుకుంటోంది. కోడలు ఇదంతా నా కషాయం వికటించి జరిగిందనుకుంది. పక్కింటివారు గాలి సోకిందన్నారు. రెండూ కావు. నాలుగేళ్లు రోజూ అందిన ఔషధం ఒక్కసారిగా ఆగిపోయినపుడు శరీరం చేసే తిరుగుబాటు అది.

నాకు ఆ మందు రాసే అధికారం లేదు. ప్రభుత్వ వైద్యశాలలో పనిచేస్తున్న మిత్రుడైన ఎం.బి.బి.ఎస్. వైద్యుని వద్దకు తీసుకువెళ్లాను. ఆయన పాత మోతాదునే మళ్లీ ప్రారంభించి, నన్ను పక్కకు పిలిచి, "ఆపాలనుకోవడం తప్పు కాదండీ, ఆపిన తీరే తప్పు" అన్నారు. ఆనాటి సాయంత్రానికే ఆమె లేచి కూర్చుంది. ఆ పిమ్మటనే నేను ఈ విషయాన్ని శ్రద్ధగా చదవడం మొదలుపెట్టాను.

శరీరంలో ఏమి జరుగుతుంది?

నల్లమందు, దాని నుండి తీసే మార్ఫిన్, కోడీన్, ప్రయోగశాలలో తయారయ్యే ట్రమడాల్, టపెంటడాల్, ఫెంటానిల్ అన్నీ ఒకే వర్గానికి చెందినవి. వీటిని ఓపియాయిడ్లు అంటారు. మన మెదడు తనంతట తానే ఎండార్ఫిన్లు అనే నొప్పి నివారక పదార్థాలను తయారు చేసుకుంటుంది. అవి కూర్చునే పీటల మీదనే ఈ మందులు వచ్చి కూర్చుంటాయి. రోజూ బయటి అతిథి వచ్చి పీటను ఆక్రమిస్తే శరీరం ఆ పీటల చురుకును తగ్గించుకుంటుంది. అందువలన కొంతకాలానికి అదే మోతాదు చాలదు. ఒక మాత్ర చోట రెండు కావలసి వస్తుంది. కొందరిలో మరొక వింత కూడా జరుగుతుంది: మందు పెరిగేకొద్దీ శరీరం నొప్పిని మరింత తీవ్రంగా గ్రహించడం మొదలుపెడుతుంది. నొప్పికి వేసుకునే మాత్రే నొప్పిని పెంచుతున్నదని రోగికి తోచదు కదా! మరొక మాత్ర వేసుకుంటాడు.

ట్రమడాల్ విషయంలో ఇంకొక చిక్కు ఉంది. అది ఓపియాయిడ్‌గా పనిచేయడమే గాక, మనోవ్యాకులతకు వాడే మందుల వలె మెదడులోని సెరటోనిన్ మీద కూడా పనిచేస్తుంది. అందువలన ఆపినపుడు పై బాధలతో పాటు భయం, దడ, తిమ్మిర్లు కూడా రావచ్చు. మోతాదు మించితే, ముఖ్యంగా రోజుకు 400 మిల్లీగ్రాములు దాటితే, మూర్ఛలు రావచ్చు. మూర్ఛవ్యాధి ఉన్నవారికి, మనోవ్యాధికి మందులు వాడేవారికి అంతకన్నా తక్కువ మోతాదులోనే ప్రమాదం కలగవచ్చు.

ఇక్కడ రెండు మాటలను వేరు చేసి చూడాలి. మందు ఆగితే శరీరం బాధపడడం దైహికమైన ఆధారపడడం. ఏళ్ల తరబడి వాడిన ఎవరికైనా, ఎంత నియమంగా వాడినా, ఇది వస్తుంది. వ్యసనం వేరు. హాని జరుగుతున్నదని తెలిసినా మందు కోసం వెంపరలాడడం, అబద్ధమాడి తెచ్చుకోవడం, ఇల్లు గడవకున్నా దానికే ఖర్చు చేయడం వ్యసనం. మొదటిదాన్ని రెండవదిగా భావించి ఇంట్లోని పెద్దవారిని "మత్తుకు మరిగావు" అని నిందించే కుటుంబాలను నేను చూశాను. అలా నిందిస్తే వారు మాత్రలను తలగడ క్రింద దాచుకుంటారు. దాచినపుడు లెక్క తెలియదు. లెక్క తెలియనిదే వైద్యం సాగదు. అలాగని వ్యసనం లేనే లేదని కాదు. 2019లో వెలువడిన జాతీయ సర్వే ప్రకారం మన దేశంలో జనాభాలో సుమారు 2.1 శాతం మంది ఏదో ఒక ఓపియాయిడ్ వాడుతున్నారు. వారిలో మందుల రూపంలో వాడేవారు తక్కువేమీ కాదు.

అమెరికా నేర్చుకున్న పాఠం

1996లో అమెరికాలో ఆక్సికోడోన్ అనే మందును దీర్ఘకాలం పనిచేసే మాత్రగా విపణిలోకి తెచ్చి, నడుము నొప్పికి కూడా ఇవ్వవచ్చునని విస్తృతంగా ప్రచారం చేశారు. పరిణామం లోకవిదితం. లక్షల ప్రాణాలు పోయాయి. భయపడి 2016లో అక్కడి వ్యాధి నియంత్రణ కేంద్రం నియమాలు చేయగా, చాలామంది వైద్యులు వాటిని మితిమీరి పాటించి ఏళ్లుగా వాడుతున్నవారికి మందు హఠాత్తుగా ఆపివేశారు. కొందరు నొప్పి భరించలేక వీధి మందుల వైపు మళ్లారు. ఆత్మహత్యల దాకా పోయినవారూ ఉన్నారు. 2019లో అక్కడి ఔషధ నియంత్రణ సంస్థ హఠాత్తుగా ఆపరాదని హెచ్చరించింది. 2022లో నియమాలను సవరించారు. ఒక సంవత్సరం మించి వాడినవారికి నెలకు పది శాతం చొప్పున, అవసరమైతే ఇంకా మెల్లగా తగ్గించడం మేలని అందులో సూచించారు. ఆత్మకూరులో నేను ఒక్క వృద్ధురాలికి చేసినదే అక్కడ దేశమంతటా జరిగిందన్నమాట.

అసలు ఈ మందుల వలన దీర్ఘకాలిక కీళ్ల నొప్పికి మేలెంత? 2018లో అమెరికాలో మాజీ సైనికుల వైద్యశాలలలో 240 మంది మీద ఒక పరిశోధన ఫలితాలు వెలువడ్డాయి. నడుము, తుంటి, మోకాలి నొప్పి గలవారిని రెండు వర్గాలు చేసి, ఒక వర్గానికి మార్ఫిన్ వంటి బలమైన మందులతోను, రెండవ వర్గానికి పారాసెటమాల్ మొదలైన సాధారణ మందులతోను చికిత్స మొదలుపెట్టారు. ఏడాది తరువాత చూస్తే నడక, నిద్ర, పనిపాటలలో మొదటి వర్గానికి ఏ ఆధిక్యం లేదు. దుష్ఫలితాలు మాత్రం వారికే ఎక్కువ.

ఆయుర్వేదంలో నల్లమందు లేదా?

ఈ ప్రశ్న నన్ను చాలామంది అడుగుతారు. ఉంది. మన గ్రంథాలు దానిని అహిఫేనం అన్నాయి. పదహారవ శతాబ్దపు భావప్రకాశంలో దాని ప్రస్తావన ఉంది. కామినీ విద్రావణ రసం వంటి కొన్ని యోగాలలో అది ఇప్పటికీ చేరుతుంది. అటువంటి మాత్రలను బలానికని, అలసట పోవడానికని కొని తిని, వాటికి బానిసలైనవారు ఉన్నారు. ఔషధ నియమాలలోని ఇ(1) జాబితాలో అహిఫేనం విషద్రవ్యాలలో చేరి ఉంది. అటువంటి ఔషధం పెట్టె మీద వైద్య పర్యవేక్షణలో మాత్రమే వాడవలెనన్న హెచ్చరిక ఉండి తీరాలి. "ఆయుర్వేదం కనుక హాని చేయదు" అని నా వృత్తిలోని వారే చెబుతుంటే నాకు బాధ కలుగుతుంది. పేరు, ద్రవ్యాలు ముద్రించని పొడులు పొట్లాలలో కట్టి "మూడు రోజుల్లో కీళ్ల నొప్పి మాయం" అంటూ అమ్మేవారిని అసలు నమ్మరాదు. అటువంటి పొడులలో స్టెరాయిడ్లు కలిపినట్లు పరీక్షలలో ఎన్నోసార్లు బయటపడింది. పసిపిల్లలు నిద్రపోవడానికి నల్లమందు నాకించే పాత అలవాటు ఎక్కడైనా మిగిలి ఉంటే, అది ప్రాణాంతకం. కూరలో వేసే గసగసాలను చూసి భయపడనక్కరలేదు. నల్లమందు వచ్చేది పచ్చి కాయకు గాటు పెడితే కారే పాల నుండి.

క్యాన్సర్ నొప్పి మాట వేరు

ఇంతవరకు చదివి, క్యాన్సర్‌తో బాధపడుతున్న తండ్రికి వైద్యుడు మార్ఫిన్ రాస్తే వద్దనే పాఠకులు ఉండవచ్చునని నా భయం. దయచేసి అలా చేయవద్దు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1986లోనే క్యాన్సర్ నొప్పికి మెట్ల వారీగా మందులు ఇచ్చే పద్ధతిని ప్రకటించింది. చివరి మెట్టు మార్ఫినే. ప్రపంచానికి వైద్యపరమైన నల్లమందును పండించి పంపిన దేశం మనది. అయినా 1985 చట్టం తరువాతి పన్నెండేళ్లలో మన రోగులకు అందే మార్ఫిన్ తొంభై శాతానికి పైగా పడిపోయింది. కాగితాల భయంతో వైద్యశాలలు దానిని తెప్పించడమే మానుకున్నాయి. కేరళలో డాక్టర్ ఎం.ఆర్. రాజగోపాల్ మొదలైనవారు 1993లో కోళిక్కోడ్‌లో ప్రారంభించిన ఉపశమన వైద్య ఉద్యమం, ఆ తరువాత సాగిన దీర్ఘపోరాటం వలన 2014లో చట్టాన్ని సవరించారు. మార్ఫిన్‌తో సహా ఆరు మందులను అత్యవసర మాదక ఔషధాలుగా గుర్తించి, గుర్తింపు పొందిన వైద్యశాలలు సులువుగా తెప్పించుకునే వీలు కల్పించారు. హైదరాబాదులోని ఎం.ఎన్.జె. క్యాన్సర్ వైద్యశాలలోని ఉపశమన విభాగం మన తెలుగువారికి ఈ విషయంలో దారి చూపింది. క్యాన్సర్ నొప్పికి మార్ఫిన్ వాడేవారు సరియైన మోతాదులో, వేళ తప్పకుండా వాడాలి. అక్కడ అలవాటు అవుతుందన్న భయంతో నొప్పిని భరించమనడం క్రూరత్వం.

తగ్గించే పద్ధతి

మళ్లీ మా వృద్ధురాలి వద్దకు వస్తాను. మిత్రుడైన వైద్యుడు, నేను, ఆమె కుటుంబం కలిసి కూర్చుని కొన్ని ఏర్పాట్లు చేసుకున్నాం. మందు రాసేది ఒకే వైద్యుడు. కొనేది ఒకే దుకాణం. నెలకొకసారి స్వయంగా చూపించుకోవాలి. (ఇటువంటి మందులను ఫోను ద్వారా రాయరాదని 2020 నాటి దూరవైద్య నియమాలు ఆ తరువాత స్పష్టంగా చెప్పాయి.) ఆమెకు చదువు రాదు. కనుక గోడ క్యాలెండరులో వేసుకున్న ప్రతి మాత్రకు కోడలు ఒక గీత గీయాలి. నొప్పి పూర్తిగా పోవడం లక్ష్యం కాదని ముందే చెప్పాం. "నీకు ఏ పని చేసుకోవాలని ఉంది?" అని వైద్యుడు అడిగితే, గుడి దాకా కర్ర లేకుండా నడవాలన్నది. అదే లక్ష్యంగా పెట్టుకున్నాం.

ఆరు మాత్రలలో నెలకు అర మాత్ర తగ్గింపు. తగ్గించిన మొదటి వారం కొద్దిగా ఇబ్బంది ఉంటుంది. రెండవ వారానికి సర్దుకుంటుంది. మిరప కోతల కాలంలో తగ్గించకుండా అక్కడే ఆగాం. వెనుకకు మాత్రం వెళ్లలేదు. (ఇరవై నాలుగు గంటలు పనిచేసేలా తయారైన మాత్రలను విరవడం, నమలడం ప్రమాదం, సాధారణ మాత్రలనే వైద్యుడు చెబితే సగం చేయవచ్చు.) తగ్గించిన తరువాత ఓపలేక పాత మోతాదు ఒకేసారి మింగడం కూడా అపాయమే. శరీరం అప్పటికి ఆ మోతాదును మరచిపోయి ఉంటుంది. ఊపిరి మందగిస్తుంది.

ఇదే కాలంలో ఆయుర్వేదానికి, ఇంటి వైద్యానికి అసలైన చోటు దొరికింది. రోజూ సాయంత్రం గోరువెచ్చని నువ్వుల నూనెతో మోకాళ్లకు మర్దన, వావిలాకులు వేసి కాచిన నీటితో కాపడం. చక్కెర వ్యాధితో కాళ్లు మొద్దుబారినవారు కాపడం వేడిని ఇంకొకరి చేత చూపించుకోవాలి. మలబద్ధకం ఈ మందులను విడవని తోడు. ముందు త్రిఫల చూర్ణం రాత్రి గోరువెచ్చని నీటితో ఒక చెంచా ఇచ్చాను, చాలలేదు. అప్పుడు సునాముఖి, అనగా మన నేలతంగేడు, ఇచ్చాను. అల్లోపతిలో కూడా మార్ఫిన్ వాడేవారికి ఇచ్చే విరేచనకారి ఇదే కావడం నాకు ముచ్చటగా అనిపించింది. ఇసబ్‌గోల్ మాత్రం నీళ్లు తక్కువ త్రాగేవారికి ఈ స్థితిలో పేగును బిగించవచ్చు.

అన్నిటికన్నా మేలు చేసినది వ్యాయామం. కుర్చీలో కూర్చుని ఒక కాలును నిటారుగా చాచి, అయిదు లెక్కపెట్టి దించాలి. ఒక్కొక్క కాలికి పదిసార్లు, ఉదయం సాయంత్రం. తొడ కండరం బలపడితే మోకాలి మీద భారం తగ్గుతుంది. ఖర్చు లేని పని కనుక దీనికి గౌరవం లేదు. కాషాయరంగు తైలం అడిగి తీసుకునేవారు ఈ పదిసార్లు కాలెత్తమంటే నవ్వుతారు! బరువు ఎక్కువ ఉన్నవారు రాత్రి అన్నం తగ్గించి జొన్నరొట్టె, కొర్రన్నం వంటివి మితంగా తీసుకుంటే మోకాలికి అంత మేలు.

ట్రమడాల్‌కు బదులుగా డైక్లోఫెనాక్ వంటి మాత్రలను రోజూ మింగడం పరిష్కారం కాదు. వృద్ధులకు, రక్తపోటు, చక్కెర వ్యాధి గలవారికి అవి మూత్రపిండాలను దెబ్బతీస్తాయి, కడుపులో పుండ్లు పెడతాయి. పైపూతగా వాడే జెల్ అంతకన్నా క్షేమం.

ఇంటివారు గమనించవలసినవి

ఓపియాయిడ్ మాత్రలతో పాటు నిద్రమాత్రలు, ముఖ్యంగా అల్ప్రాజోలం, లేదా మద్యం కలిస్తే ఊపిరి ఆగిపోయే ప్రమాదం ఉంది. లేపినా లేవనంత మత్తు, గుడగుడమనే గురక, నీలి పెదవులు, సూదిమొన వలె కుంచించుకున్న కంటిపాపలు కనిపిస్తే తెల్లవారే దాకా ఆగకుండా 108కి ఫోను చేయాలి. మాత్రలను పిల్లలకు అందని చోట తాళం వేసి ఉంచాలి. పొరుగువారి మోకాళ్లకు అప్పుగా ఇవ్వరాదు. మందు పెట్టె మీద ఎర్ర అక్షరాలతో 'ఎన్‌ఆర్‌ఎక్స్' అని ఉంటే అది మాదకద్రవ్య చట్టం క్రిందికి వచ్చే మందు. వైద్యుని వద్దకు వెళ్లేటపుడు ఇంట్లోని మందులన్నీ, కషాయాలు, చూర్ణాలతో సహా, ఒక సంచిలో వేసుకుని వెళ్లండి. కొన్నాళ్లుగా వాడుతూ మానలేకపోతున్నవారు, లేదా వ్యసనమేమోనని అనుమానం ఉన్నవారు 14446 నంబరుకు ఉచితంగా ఫోను చేసి సలహా పొందవచ్చు.

ఆ వృద్ధురాలు ఒక్క మాత్రకు చేరడానికి పదహారు నెలలు పట్టింది. ఆ ఒక్కటీ మానమని నేను ఒత్తిడి చేయబోతే నా మిత్రుడు వారించారు. రాత్రి ఒక్క మాత్రతో ఆమె నిద్రపోతున్నది, ఉదయం నడుస్తున్నది, మోతాదు పెరగడం లేదు. నెలనెలా చూపించుకుంటూ అక్కడే ఉండనివ్వడం మేలని ఆయన అభిప్రాయం. గుడి దాకా కర్ర లేకుండా వెళుతుంది, వచ్చేటపుడు మాత్రం కోడలి చేయి పట్టుకుంటుంది. క్యాలెండరు మీద గీతలు గీయడం ఇప్పటికీ మానలేదు.